ఎగ్జిమా అంటురోగము కాదు



దేహమునకు గలుగు బాధలలో కొన్ని పైకి గనబడవు, కొన్ని గనబడును. తలనొప్పి యని చెప్పిన స్త్రీని ఇరుగుపొరుగువారు జాలితో జూతురు. చేతులపై పొక్కులు లేచి రసి కాఱుచున్న స్త్రీని జూచినచో ఒక యడుగు వెనుకకు వేయుదురు. బాధతోబాటు అవమానమును గూడ భరింపవలసిన వ్యాధులలో ఎగ్జిమా యొకటి. ఇది పసిబిడ్డలకే వచ్చునని పలువురు తలంతురు. కాని బాల్యమున వచ్చి పోయినది ముప్పదియేండ్ల ప్రాయమున మరల రావచ్చును. కొందఱికి పెద్దతనముననే మొదటిసారి రావచ్చును. పదునొకండు సంవత్సరములుగా మేము దీనితో కాపురము చేయుచున్నాము గనుక, తెలిసినంతవఱకు వ్రాయ సాహసించుచున్నాము.

మొట్టమొదటి చిక్కు పేరుతోనే కలుగుచున్నది. మన యిండ్లలో దురద పుట్టిన ప్రతిదానిని గజ్జి యనియో, తామర యనియో పిలుతురు. గజ్జి, కంటి కానని పురుగు చర్మమును తొలుచుటచే గలుగును. తామర బూజుజాతికి జెందినది, చక్రాకారముగా వ్యాపించును. ఈ రెండును ఒకరినుండి యొకరికి అంటునవే. ఎగ్జిమా అంటదు. ఒకే పక్కపై పరుండినను, ఒకరి బట్టలు మఱియొకరు కట్టినను, చేతితో ముద్ద కలిపి పెట్టినను అంటదు.

ప్రాచీనులు ఇట్టి లక్షణములుగల వ్యాధిని విచర్చిక యనిరి. చరకసంహితలో పదునెనిమిది కుష్ఠములు చెప్పబడినవి. వానిలో ఏడు మహాకుష్ఠములు, పదునొకండు క్షుద్రకుష్ఠములు. విచర్చిక రెండవ తెగలోనిది. వైద్యశాస్త్రమున కుష్ఠమను మాట చర్మరోగములకు సామాన్యనామము. లోకమున నా మాట ఒక్క పెద్దరోగమునకే నిలిచిపోయినది. అందుచే నెవరైన పుస్తకము చూచి "ఇదియు కుష్ఠభేదమే" యనినంతనే ఇల్లంతయు తల్లడిల్లును. ఆ పెద్దరోగమునకే నేడు పూర్తిగా కుదుర్చు మందులు గలవు. మందు సాగుచుండగా అదియు నొరులకు వ్యాపింపదు. ఇక విచర్చికను జూచి వెఱచుట కేమి కారణము గలదు?

రెండేండ్ల క్రిందట శ్రావణమాసపు పేరంటమున మేము వాయన మీయబోగా, ఒక పెద్దముత్తైదువ చేయి వెనుకకు దీసికొని "అక్కడ పెట్టమ్మా, తరువాత తీసికొందును" అనినది. ఆమె చెడ్డమనిషి కాదు. ఇంట నెలల బిడ్డ గలదు, భయపడినది. ఆ రాత్రి దురదకంటె ఆ మాటయే మమ్ము నిద్రకు దూరము చేసినది. ఆమెకు ఈ వ్యాధి సంగతి యెవరును చెప్పియుండలేదు. చెప్పుట మనవంటి రోగుల పనియే యని నాడు తోచినది.

మట్టిగోడకు పైపూత యెట్టిదో దేహమునకు చర్మపు పైపొర యట్టిది. పూత రాలినచో వాన లోనికి దిగును. ఎగ్జిమా గలవారి చర్మమున ఈ పూత బలహీనముగా నుండును. 2006వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు, ఫిలాగ్రిన్ అను మాంసకృత్తును కలిగించు జన్యువులోని లోపము ఈ వ్యాధికి ఒక ముఖ్యకారణమని కనుగొనిరి. రోగులందఱియందును ఆ లోపము లేదు గాని, చర్మపు తేమ వెలికి పోవుట, సబ్బు, దుమ్ము మొదలగునవి లోనికి జొరబడుట అందఱియందును గలదు. అప్పుడు దేహములోని రక్షకశక్తి మితిమీఱి చెలరేగును, దురద పుట్టును. గోకినకొలది పూత మఱింత రాలును. రాలినకొలది దురద హెచ్చును. కావున ఇది అశుచివలన వచ్చినది కాదు. శుభ్రత పేరిట పలుమాఱు సబ్బుతో రుద్దినచో నింకను ముదురును.

పూత రాలిన గోడను దినదినము మెత్తుటయే మొదటి చికిత్స. గోరువెచ్చని నీటితో పదినిమిషములకు మించకుండ స్నానము చేయవలయును. సున్నిపిండితో నలుగు పెట్టుట, కుంకుడురసము ఒంటిపై పాఱనిచ్చుట మానవలయును. తడి నద్దుకొని, మూడు నిమిషములలోపల పెట్రోలియం జెల్లీనిగాని, వైద్యుడు చెప్పిన సువాసన లేని లేపనమునుగాని ఒడలంతయు పూయవలయును. తీవ్రమైన వ్యాధి గలవారికి వారమునకు 250 మొదలు 500 గ్రాములవఱకు పట్టును. చిన్నడబ్బా నెలంతయు రావలెనని పొదుపు చేసినచో ఫలము లేదు. ధనుర్మాసపు చలిగాలికి చర్మము పగులును, రోహిణీకార్తె చెమటకు మండును. ఆ దినములలో మఱింత జాగరూకత కావలయును.

ఇక మందుల మాట. 1952లో హైడ్రోకార్టిసోన్ లేపనము చర్మవ్యాధులపై పనిచేయునని వెల్లడియైనది. నాటినుండి స్టెరాయిడ్ లేపనములే ఈ వ్యాధి చెలరేగినపుడు ముఖ్యమైన యౌషధము. చూపుడువ్రేలి కొన మొదలు మొదటి కణుపువఱకు గొట్టమునుండి పిండిన మందు సుమారు అరగ్రాము. అది రెండు అఱచేతులంత చోటికి చాలును. వైద్యుడు చెప్పిన బలముగల మందును, చెప్పిన చోట, చెప్పినన్ని దినములు పూసినచో భయపడ నక్కఱలేదు. మందుల యంగడిలో అడిగి తెచ్చుకొను, స్టెరాయిడ్‌తో మూడు నాలుగు మందులు కలిసిన లేపనములే ప్రమాదకరములు. అవి తామరపై పడినచో తామర మఱింత వ్యాపించును. ముఖముపై నెలలతరబడి పూసినచో చర్మము పలుచనై యెఱ్ఱబాఱును. 2018లో భారతప్రభుత్వము పెక్కు స్టెరాయిడ్ లేపనములను వైద్యుని చీటి లేనిదే విక్రయింపరాదని నియమించినది. ఆ నియమమును మనమే మన యింట పాటింపవలయును.

పైపూతలకు లొంగని వ్యాధికి మ్రింగు మందులును, సూదిమందులును గలవు. 2017లో అమెరికాలో పెద్దల యెగ్జిమాకు అనుమతి పొందిన డుపిలుమాబ్ రెండు వారముల కొకమాఱు ఇచ్చు సూదిమందు; వెల మిక్కిలి యెక్కువ. మెథోట్రెక్సేట్ వంటి మాత్రలు వాడునపుడు రక్తపరీక్షలు తప్పవు. గర్భవతులును, బిడ్డను కోరువారును ఆ సంగతి వైద్యునకు ముందే చెప్పవలయును, ఏలయన ఆ మాత్ర గర్భస్థశిశువునకు హానికరము. పొక్కులపై పసుపుపచ్చని చెక్కు కట్టినను, చీము పట్టినను జాగు చేయరాదు. జ్వరముతో నొప్పిగల చిన్నపొక్కులు గుంపుగా లేచినచో ఆ దినముననే వైద్యశాలకు పోవలయును.

పథ్యము విషయమై ఒక మాట. వంకాయ, గోంగూర, గ్రుడ్లు, పాలు అన్నియు మాన్పించి రోగిని చిక్కి శల్యము చేయుట మన యిండ్లలో వాడుక. పెద్దలకు వచ్చు ఎగ్జిమా ఆహారదోషముచే గలుగుట అరుదు. ఒక పదార్థము తినిన ప్రతిసారియు బాధ హెచ్చినట్లు తోచినచో వైద్యునితో చెప్పి, దానినొక్కదానినే మాని చూడవచ్చును.

చేతులకు ఎగ్జిమా గల గృహిణికి అసలు శత్రువు వంటయింటనే గలదు. అంట్లు తోముట, చింతపండు పిసుకుట, వెల్లుల్లి యొలుచుట, తడిబట్టలు పిండుట, ఇవియన్నియు ఆ చేతులకు నిప్పులు. లోపల నూలు తొడుగు వేసి, పైన రబ్బరు తొడుగు వేసికొనిన కొంత మేలు. అంతకంటె మేలు, ఆ పనులు కొన్ని ఇంటివారు పంచుకొనుట. వెల్లుల్లి యొలుచుట కొడుకునకు రానిది కాదు. అంట్లు కడుగుట భర్తకు తగనిది కాదు. అత్తగారలు "నీ చేతి వంట వద్దు" అనుటకు మాఱుగా "ఈ తడిపని నీకు వద్దమ్మా" అనినచో, ఆ మాట సగము మందు.

ఎగ్జిమా తీవ్రముగా నున్నవారు రాత్రులు నిద్ర లేక, పగలు విసుగు చెందుదురు. దానిని కోపస్వభావ మని యెంచరాదు. లేపనము చేతులకు, కాళ్లకు తామే పూసికొందురు, వీపున కందదు. అది పూయుటకు ఇంటిలోని మఱియొకరి చేయి కావలయును. దురద గల దేహమును జంకక తాకు ఆ చేయి తల్లిదైనను, కూతురిదైనను, భర్తదైనను సరియే. ప్రతిదినము స్నానమైన మూడు నిమిషములలోపల రావలయును.