చెవి చెప్పిందే వేదమా?

రికార్డు గొప్పదా... సీడీ గొప్పదా... ఫోన్‌లో పాట చాలదా? ఇల్లిల్లూ వాదించుకునే ఈ ప్రశ్నకు సగం జవాబే యంత్రంలో ఉంది. మిగతా సగం మనలోనే!

సనత్‌నగర్‌లో ఓ ఇల్లు అనుకోండి. ఆల్విన్‌ కంపెనీలో పనిచేసి రిటైరైన తాతయ్య, పాత రికార్డు మీది దుమ్ము తుడిచి ముల్లు పెడతారు. చిటపటల మధ్య ఘంటసాల గొంతు. 'ఆ నిండుదనం ఇప్పుడెక్కడిదిరా!' అంటారు. అమీర్‌పేటలో కంప్యూటర్‌ క్లాసు ముగించుకుని వచ్చిన మనవడు 'అది నిండుదనం కాదు తాతయ్యా, రొద' అని నవ్వేస్తాడు. ఫోన్‌లో అదే పాట పెడతాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడంలేదు. కానీ అలాంటి నవ్వుల వల్లే ఎన్నో ఇళ్లలో రికార్డుల పెట్టెలు పాత సామాన్ల బండెక్కేశాయి.

పాట అదే... పెట్టె మారింది!

78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాలే మోగేది. 1948లో ఎల్పీ వచ్చి ఆ నిడివిని ఇరవై నిమిషాలు దాటించింది. 1963లో క్యాసెట్‌, 1982లో సీడీ వచ్చాయి. సీడీ ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. అంటే సెకనుకు 14 లక్షలకు పైగా బిట్లు. 128 కేబీపీఎస్‌ ఎంపీ3 అందులో పదకొండో వంతుతోనే సరిపెడుతుంది. ఎలాగంటారా? డప్పు గట్టిగా మోగుతుంటే పక్కనే ఉన్న చిన్న గజ్జె చప్పుడు మనకు వినిపించదు కదా. అలా ఎలాగూ వినపడని వాటిని తీసేస్తుంది. మరీ ఎక్కువ తీసేస్తే మాత్రం తాళాలు, చప్పట్లు నలిగినట్టుగా ఉంటాయి.

కళ్లు మూస్తే తేలుతుంది

మరి ఆ తేడా నిజంగా తెలుస్తుందా? 1915 నుంచి కొన్నేళ్లపాటు ఎడిసన్‌ కంపెనీ అమెరికాలో సభలు పెట్టింది. వేదికమీద గాయని పాడుతూ ఉంటుంది. దీపాలు ఆర్పేశాక గ్రామఫోన్‌ అందుకుంటుంది. తేడా కనిపెట్టలేకపోయామని జనం ఆశ్చర్యపోయారు. ఆనాటి యంత్రం ఎంత గరగరలాడేదో ఇప్పుడు వింటే తెలుస్తుంది!

2007లో అమెరికాలోనే ఇంకో పరీక్ష ఫలితం వెలువడింది. సీడీని మించిన నాణ్యతగల డిస్కును నేరుగా ఒకసారి, సీడీ స్థాయికి తగ్గించి ఒకసారి వినిపించారు. ఏది ఏదో చెప్పలేదు. 554 ప్రయత్నాల్లో సరిగ్గా గుర్తించినవి 276. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది.

శబ్దం పెంచితే చాలు

మన చెవి తక్కువ శబ్దంలో బేస్‌ను సరిగా పట్టుకోలేదు. 1933లోనే ఫ్లెచర్‌, మన్సన్‌ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతి కొలిచి చూపించారు. అందుకే కాస్త గట్టిగా మోగిందే 'బాగుంది' అనిపిస్తుంది. పంజాగుట్టలో షోరూంకి వెళ్లినప్పుడు ఇది గుర్తుంచుకోండి. రెండు స్పీకర్లనూ ఒకే స్థాయిలో వినకుండా డబ్బు తీయొద్దు.

వయసూ లెక్కలోకి వస్తుంది. అరవై దాటిన చాలామందికి 12,000 హెర్ట్జ్‌ పైన వినపడటం కష్టం. అమీర్‌పేట మెట్రోలో నిలబడి వినేవారికైతే రైలు రొదలోనే సన్నని తేడాలన్నీ కొట్టుకుపోతాయి.

అలాగని తాతయ్యది భ్రమ అని తేల్చేయకండి. పాత పాటల్ని మళ్లీ విడుదల చేసేటప్పుడు ఒక్కోసారి మెల్లని చోటునూ గట్టిచోటుతో సమానం చేసేస్తారు. అప్పుడు పాత రికార్డులోని ఎత్తుపల్లాలే నిజంగా మెరుగు.

ఇంట్లోనే పరీక్ష!

ఒకే పాటను 128, 320 కేబీపీఎస్‌ ఫైళ్లుగా పెట్టుకోండి. రెండూ ఒకే మూలం నుంచి చేసినవై ఉండాలి. స్పీకర్లూ శబ్దం స్థాయీ మార్చొద్దు. ఏది మోగుతోందో చెప్పకుండా ఇంకొకరు పదిసార్లు వినిపించాలి. మీరు కాగితంమీద రాయాలి. అయిదు సరైతే అది ఊహే. తొమ్మిదో పదో సరైతే మీ చెవి గట్టిదే. ఊరికే ఊహించి అన్ని కొట్టే అవకాశం నూటికి ఒక్కటి!

అయితే ఈ కాగితం తేల్చేది తేడా తెలిసిందా లేదా అన్నదే. ఏది ఇష్టపడాలో చెప్పదు. ఘంటసాల భగవద్గీతనే చూడండి. గుడి మైకులో తెల్లవారుజామున విన్నవారున్నారు. ఇంట్లో ఆప్తుల్ని సాగనంపిన రోజున విన్నవారున్నారు. ఆ గరగరల హారన్‌ స్పీకర్‌కు ఏ పరీక్షలోనూ మంచి మార్కులు రావు. అయినా ఆ గొంతు వినగానే కళ్లు చెమ్మగిల్లుతాయి.

కాబట్టి ఈ ఆదివారం తాతయ్య రికార్డు పెడితే, రొద అనకుండా పక్కన కూర్చోండి. ఆ పాట మొదట ఎక్కడ విన్నారో అడగండి. అది ఏ ఫైల్లోనూ దొరకదు.