మందు పేరులోని లవణం

రక్తపోటు ఉన్నవారు ఉప్పు తగ్గించుకోవలెనని వైద్యులు చెబుతారు. ఆ వైద్యులే వ్రాసి యిచ్చిన మందు పేరు చివర ఒక లవణం పేరు కనబడితే శ్రోతలకు సందేహం కలగడం సహజం. ఆ లవణం ఈ ఉప్పు కాదు. ఆమ్లమూ క్షారమూ కలిసి ఏర్పడే పదార్థాలన్నిటికీ రసాయన శాస్త్రంలో లవణాలనే పేరు. వంటింటి ఉప్పు వాటిలో ఒకటి మాత్రమే.

మెటొప్రొలాల్ అనే మందును తీసుకుందాము. గుండె వేగాన్ని తగ్గించి రక్తపోటును దించే ఈ మందు క్షార స్వభావం కలది. దీనిని ఏదో ఒక ఆమ్లంతో కలిపి, లవణంగా చేసి, బిళ్ల కడతారు. టార్టారిక్ ఆమ్లంతో కలిపినది టార్ట్రేట్. మన చింతపండు పులుపు చాలవరకు ఆ ఆమ్లానిదే! సక్సినిక్ ఆమ్లంతో కలిపినది సక్సినేట్. ఒంటిలో చేరిన పిమ్మట ఆమ్లం విడిపోతుంది. పని చేసేది రెంటిలోను మెటొప్రొలాలే.

అట్లయితే భేదమెక్కడ? మామూలు టార్ట్రేట్ బిళ్ల త్వరగా కరిగిపోతుంది, దాని ప్రభావమూ త్వరగానే తగ్గుతుంది. అందుచేత సాధారణంగా రోజుకు రెండుసార్లు వేసుకోవలసి ఉంటుంది. సక్సినేట్ నీటిలో అంత తేలికగా కరగదు. దానిని సన్నని గుళికలుగా చేసి, ఒక్కొక్క గుళికకు పొర కప్పి, ఆ గుళికలను బిళ్లగా అదమడం ప్రసిద్ధమైన పద్ధతి. మందు ఆ పొరగుండా సుమారు 20 గంటలపాటు కొద్దికొద్దిగా వెలువడుతుంది గనుక రోజుకు ఒక్కసారి చాలును. నిజానికి ఈ నిదానంలో లవణం పాలు కొంత, పొర పాలు హెచ్చు. ఇట్టి బిళ్లను నూరినా నమిలినా రోజంతటి మందు ఒక్కసారే ఒంటిలో చేరుతుంది.

సక్సినేట్ అట్టలపై 47.5 అనే వింత అంకె చూచే ఉంటారు. టార్టారిక్ ఆమ్లం కంటె సక్సినిక్ ఆమ్లం తేలిక. కాబట్టి 50 మిల్లీగ్రాముల టార్ట్రేట్‌లో ఉన్నంత మందు 47.5 మిల్లీగ్రాముల సక్సినేట్‌లోనే ఇముడుతుంది. దేనిలోనైనా అసలు మెటొప్రొలాల్ సుమారు 39 మిల్లీగ్రాములే.

ఈ లెక్క తెలియక మేమొకసారి పొరపడినాము. మా తల్లిగారికి సక్సినేట్ తేవలసి ఉండగా, 50 అనే అంకె ఒక్కటే చూచి టార్ట్రేట్ అట్ట తెచ్చినాము. ఆమె అలవాటు చొప్పున ఉదయం ఒక్క బిళ్ల వేసుకొనేవారు. రాత్రివేళ గుండెదడ అంటే నిద్ర చాలక కాబోలు ననుకొన్నాము. వైద్యులు అట్ట తిప్పి చూచిన దాకా సంగతి బోధపడలేదు.

గుండె బలహీనతకు ఈ మందు వాడేవారి విషయంలో భేదం మరింత ముఖ్యం. 1999లో వెలువడిన మెరిట్-హెచ్‌ఎఫ్ పరిశోధనలో, ఉత్తుత్తి బిళ్ల వేసుకొన్నవారికంటె మందు వేసుకొన్నవారిలో మరణాలు 34 శాతం తగ్గినవి. అందులో వాడినది నిదానంగా వెలువడే సక్సినేటే. టార్ట్రేట్‌కు అట్టి నిదర్శనం లేదు.

ఇంటిలోని అట్టమీద పేరు చీటీలోని పేరుతో సరిపోకపోతే కంగారుపడి మందు మానివేయరాదు. మెటొప్రొలాల్ హఠాత్తుగా మానితే గుండెనొప్పి రావచ్చును, రక్తపోటు పెరగవచ్చును. చీటీని, అట్టను రెంటినీ తీసుకొని ఆనాడే వైద్యునికి చూపండి.