అమెరికా యువకులలో లైంగిక జీవితం ఎందుకు తగ్గుతోంది?

"ఈ కాలం కుర్రకారుకు అడ్డూ అదుపూ లేదు" అనే మాట పెద్దల నోట తరచు వింటాం. అందులోనూ అమెరికా పేరు చెబితే ఇక చెప్పనక్కర లేదు. అక్కడ ఎవరు ఎవరితోనైనా తిరగవచ్చని, యువకులకు ఆ విషయంలో ఏ లోటూ ఉండదని మనలో చాలామంది అనుకుంటారు. సినిమాలు చూస్తే అలాగే అనిపిస్తుంది. కాని లెక్కలు వేరే సంగతి చెబుతున్నాయి. ఇరవై ఏళ్ళ క్రిందటి యువకుల కంటే నేటి అమెరికా యువకులు స్త్రీ సాంగత్యానికి ఎక్కువ దూరంగా ఉంటున్నారు.

ఇటువంటి విషయం మన పత్రికలో ఎందుకని కొందరికి సందేహం రావచ్చు. మన ఊళ్ళ నుండి చదువులకు, ఉద్యోగాలకు అమెరికా వెళ్ళిన పిల్లలు ఎందరో ఉన్నారు. వారు బ్రతుకుతున్నది ఆ వాతావరణంలోనే. పైగా ఇది కేవలం నీతికి సంబంధించిన విషయం కాదు. దీని వెనుక నిద్ర, మనస్సు, మందులు, ఒంటరితనం, జీతం అన్నీ ఉన్నాయి. కాబట్టి సిగ్గుపడకుండా తెలుసుకుందాం.

లెక్కలు ఏమి చెబుతున్నాయి?

అమెరికాలో జనరల్ సోషల్ సర్వే అని 1972 నుండి జరుగుతున్న ఒక పెద్ద సర్వే ఉంది. దాని వివరాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2020లో అక్కడి వైద్య సంఘం వారి పత్రికలో వచ్చింది. 18 నుండి 24 ఏళ్ళ మగవారిలో, గడిచిన ఏడాదిలో ఒక్కసారి కూడా లైంగిక సంబంధం లేదని చెప్పినవారు 2000-2002లో నూటికి 19 మంది. 2016-2018 నాటికి వారు నూటికి 31 మంది అయ్యారు. 25 నుండి 34 ఏళ్ళ మగవారిలో ఈ సంఖ్య 7 నుండి 14కు పెరిగింది, అంటే రెట్టింపు. ఆ వయస్సు స్త్రీలలోనూ 7 నుండి సుమారు 13కు పెరిగింది. 18-24 ఏళ్ళ ఆడపిల్లలలో మాత్రం పెద్ద మార్పు కనబడలేదు.

ఇంకొక మాట గమనించండి. ఈ సంఖ్యలు కోవిడ్ రాక ముందువి. కనుక "కోవిడ్ వల్లనే ఇదంతా" అని చెప్పడానికి వీలు లేదు.

ఇది ఒక్క అమెరికా కథ కూడా కాదు. బ్రిటన్‌లో 16 నుండి 44 ఏళ్ళ వారిలో వారానికి ఒకసారైనా కలిసేవారు సగం కంటే తక్కువేనని 2019లో వెలువడిన అధ్యయనం చెప్పింది. జపాన్‌లో 18 నుండి 39 ఏళ్ళ మగవారిలో అసలు స్త్రీ అనుభవమే లేనివారు 1992లో నూటికి 20 మంది కాగా, 2015లో సుమారు 26 మంది.

ముందుగా ఒక అపోహ

ఈ సంఖ్యలు వినగానే కొందరు "మగవారిలో మగతనం తగ్గిపోతోంది" అంటారు. లేహ్యాలు, గొట్టాలు, బెల్టులు అమ్ముకొనేవారికి కావలసింది కూడా ఈ మాటే. మన దగ్గర గోడల మీద ఈ ప్రకటనలు వ్రాస్తే, అక్కడ ఇంటర్నెట్‌లో అమ్ముతున్నారు. తేడా అంతే.

ఒక యువకుడు లైంగిక జీవితానికి దూరంగా ఉన్నాడంటే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అవకాశం లేకనా? కోరిక లేకనా? శక్తి లేకనా? ఈ మూడూ ఒకటి కావు. సర్వేలలో కనబడే తగ్గుదలకు పెద్ద కారణాలు మొదటి దానిలోనే ఉన్నాయి. కొంత రెండవ దానిలో ఉంది. ఇరవై ఏళ్ళ కుర్రవాడికి శక్తి లేకపోవడమే కారణం కావడం అరుదు.

కారణాలు

1. పెళ్ళి ఆలస్యం: పెళ్ళయినవారికి జోడు ఇంట్లోనే ఉంటుంది. కాబట్టి ఏ దేశంలోనైనా పెళ్ళికానివారి కంటే పెళ్ళయినవారి మధ్యే కలయికలు ఎక్కువ. అమెరికాలో మగవారి తొలి పెళ్ళి సగటు వయస్సు 1970లో సుమారు 23 ఏళ్ళు. ఇప్పుడు 30 దాటింది. అక్కడి ప్యూ పరిశోధనా కేంద్రం 2022లో అడిగినప్పుడు 30 ఏళ్ళలోపు మగవారిలో నూటికి 63 మంది తమకు ఎవరూ తోడు లేరని చెప్పారు. స్త్రీలలో అలా చెప్పినవారు 34 మందే.

2. ఉద్యోగం, జీతం: పైన చెప్పిన 2020 అధ్యయనంలో ఉద్యోగం లేనివారు, సగం పూట పనిచేసేవారు, తక్కువ ఆదాయం గల మగవారు ఎక్కువగా ఒంటరిగా ఉన్నట్టు తేలింది. జపాన్‌లోనూ అంతే. అమ్మాయిని బయటకు తీసుకొని వెళ్ళాలన్నా, భోజనం పెట్టించాలన్నా డబ్బు కావాలి. అంతకంటే ముందు తన మీద తనకు నమ్మకం కావాలి. పనిలేని మగవాడికి ఈ రెండూ కరువే.

3. అమ్మానాన్నల ఇల్లు: కొడుకు మన దగ్గరే ఉంటే మనకు సంతోషం. అమెరికాలో పద్ధతి వేరు. పద్దెనిమిదేళ్ళు దాటితే పిల్లలు విడిగా ఉండడం అక్కడి అలవాటు. ఇళ్ళ అద్దెలు, చదువు అప్పులు పెరిగి ఇప్పుడు చాలామంది తల్లిదండ్రుల దగ్గరే ఉండిపోతున్నారు. 2014లో 18-34 ఏళ్ళ వారిలో నూటికి 32 మంది అలా ఉన్నారు.

4. ఫోను, ఆటలు: 2021లో ఇద్దరు పరిశోధకులు 18-23 ఏళ్ళ వారిని గురించి వ్రాశారు. పరిచయం మాత్రమే ఉన్న వారితో గడిచిన నెలలో కలిశామన్న మగవారు 2007లో నూటికి 38 మంది ఉండగా, 2017లో 24 మందికి తగ్గారు. కారణాలు వెదకగా, మగపిల్లలు కంప్యూటర్ ఆటలలో గడిపే సమయం పెరగడం ఈ తగ్గుదలలో సుమారు నాలుగో వంతుకు కారణమని తేలింది. ఆడపిల్లల విషయంలో ఆటల ప్రభావం కనబడలేదు. రాత్రి రెండు గంటల దాకా ఆడి మధ్యాహ్నం లేచేవాడు మనుష్యులను కలిసేది ఎప్పుడు?

5. మద్యం తగ్గడం: అదే అధ్యయనంలో అన్నింటికంటే పెద్ద కారణం ఇదే. ఇప్పటి అమెరికా కుర్రవారు వారి అన్నల కంటే తక్కువ త్రాగుతున్నారు. త్రాగిన మత్తులో జరిగే కలయికలు తగ్గాయి. దీనికి ఎవరూ బాధపడనక్కర లేదు. తెల్లవారి లేచి భయపడే ఆడపిల్లలు, పరీక్షలకు పరుగెత్తే కుర్రవాళ్ళు కూడా ఆ మేరకు తగ్గినట్టే.

6. డేటింగ్ యాప్‌లు: పెళ్ళి ఉద్దేశంతోగాని, అది లేకుండాగాని ఇద్దరు కలిసి తిరిగి ఒకరినొకరు తెలుసుకోవడాన్ని అక్కడ డేటింగ్ అంటారు. పూర్వం ఈ పరిచయాలు కాలేజీలో, చర్చిలో, పనిచేసే చోట, స్నేహితుల ద్వారా జరిగేవి. టిండర్ అనే యాప్ 2012లో వచ్చింది. 2017లో కలిసిన స్త్రీ పురుష జంటలలో సుమారు 39 శాతం ఇంటర్నెట్‌లోనే పరిచయమయ్యారు. యాప్‌లో ఫోటో చూసి ఒక్క క్షణంలో ప్రక్కకు తోసేస్తారు. మనిషి మాట తీరు, మంచితనం ఫోటోలో కనబడవు. వీటిని వాడేవారిలో మగవారే ఎక్కువ. ప్యూ వారి 2022 సర్వేలో, ఈ మధ్య వాడిన స్త్రీలలో సగానికి పైగా సందేశాలు మీద పడిపోయి తట్టుకోలేకపోయామని చెప్పారు. మగవారిలో నూటికి 64 మంది తగినన్ని సందేశాలు రాక కుంగిపోయామన్నారు. ఒకే సంతలో ఒకరికి ఊపిరాడదు, ఇంకొకరిని పలకరించేవారు ఉండరు.

7. మనస్సు, మందులు: దిగులు వ్యాధి, ఆందోళన యువకులలో పెరిగాయి. దిగులు వ్యాధిలో ఆకలి, నిద్రలాగే కోరిక కూడా తగ్గుతుంది. దానికి వాడే ఎస్.ఎస్.ఆర్.ఐ. అనే రకం మందులు కొందరిలో కోరికను తగ్గిస్తాయి, స్ఖలనాన్ని ఆలస్యం చేస్తాయి. ఇందుకని ఎవరూ మందు తమంతట తాము మానకూడదు. డాక్టరు గారికి చెబితే మోతాదు గాని, మందు గాని మారుస్తారు. అశ్లీల చిత్రాల సంగతి చాలామంది అడుగుతారు. వాటికి బానిసై నిజమైన సాంగత్యం మీద ఆసక్తి పోయినవారు ఉన్నారు. అయితే దేశమంతటా కనబడే తగ్గుదలకు అవే కారణమని పరిశోధనలలో రుజువు కాలేదు.

ఇది మంచిదా, చెడ్డదా?

రెండూ ఉన్నాయి. హైస్కూలు పిల్లలలో లైంగిక అనుభవం ఉన్నవారు 1991లో నూటికి 54 మంది, 2021లో 30 మంది. అదే కాలంలో 15-19 ఏళ్ళ తల్లుల కాన్పులు వెయ్యి మంది ఆడపిల్లలకు 62 నుండి సుమారు 14కు పడిపోయాయి. ఇది తప్పక మంచి వార్త. పెళ్ళి దాకా ఆగాలని తనంతట తాను నిర్ణయించుకొన్న యువకుడికి జబ్బేమీ లేదు. ఆగడం వల్ల నరాలు చచ్చుబడిపోవు, వీర్యం విషం కాదు.

అయితే తక్కువ మంది కలుస్తున్నారు కాబట్టి సుఖవ్యాధులు కూడా తగ్గి ఉంటాయని అనుకోకండి. అమెరికాలో 2022లో సిఫిలిస్ కేసులు 2 లక్షల 7 వేలు దాటాయి. 1950 తర్వాత ఇదే అత్యధికం. తల్లి నుండి సిఫిలిస్ సోకిన శిశువులు ఆ ఏడాది 3,700కు పైగా ఉన్నారు. సగటు తగ్గినంత మాత్రాన అందరూ క్షేమంగా ఉన్నట్టు కాదు.

చెడు ఎక్కడంటే, ఇష్టం లేని ఒంటరితనంలో. 15-24 ఏళ్ళ వారు స్నేహితులతో ముఖాముఖి గడిపే సమయం 2003లో రోజుకు సుమారు 150 నిమిషాలు ఉండేది. 2020లో, కోవిడ్ ఏడాదిలో, అది 40 నిమిషాలకు పడిపోయింది. అప్పటి అమెరికా సర్జన్ జనరల్ డాక్టర్ వివేక్ మూర్తి 2023లో విడుదల చేసిన ఒంటరితనం నివేదికలో ఉన్న మాట ఇది. మనుష్యులతో సంబంధాలు లేకపోవడం రోజుకు 15 సిగరెట్లు కాల్చినంత హాని చేయగలదని కూడా అందులో ఉంది. కలయికలు తగ్గడం పైకి కనబడే గుర్తు మాత్రమే. లోపల తగ్గింది స్నేహం.

ఎప్పుడు డాక్టరును కలవాలి?

- ఇంతకుముందు ఉన్న కోరిక నెలల తరబడి పూర్తిగా పోతే
- తెల్లవారుజామున సహజంగా వచ్చే అంగస్తంభనలు కూడా ఆగిపోతే
- బరువు బాగా పెరగడం, అతిదాహం, అతిమూత్రం వంటివి ఉంటే (షుగరు పరీక్ష తప్పనిసరి)
- జిమ్‌లో కండల కోసం స్టిరాయిడ్ ఇంజెక్షన్లు తీసుకొని ఉంటే (అవి శరీరం స్వయంగా చేసుకొనే హార్మోనును, వీర్యకణాలను తగ్గిస్తాయి)
- నిద్ర, ఆకలి చెడి, బ్రతకాలని లేదనే మాటలు వస్తుంటే (ఆలస్యం చేయకుండా ఆ రోజే తీసుకొని వెళ్ళాలి)

అంగస్తంభన మాత్రలు సొంతంగా కొని వాడకండి. గుండెనొప్పికి నైట్రేట్ మందులు వాడేవారు వాటిని మ్రింగితే బి.పి. పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు.

తల్లిదండ్రులకు

అమెరికాలో ఉన్న అబ్బాయికి ఫోను చేసినప్పుడు "తిన్నావా? ఉద్యోగం ఏమయింది? సంబంధాలు చూడమంటావా?" అనే మూడు ప్రశ్నలతో ఆపేయకండి. "ఈ వారం ఎవరితో కలిసి భోజనం చేశావు నాన్నా?" అని అడగండి. ఎవరితోనూ లేదని వారాల తరబడి చెబితే అది పట్టించుకోవలసిన సంగతి. వీసా భయం, అప్పు భయం ఉన్న పిల్లవాడు ఆ మాట తనంతట తాను చెప్పడు.

అతడు ఒంటరిగా ఉన్నాడని కంగారుపడి పెళ్ళి ఒక మందులాగా చేసేయకండి. దిగులు వ్యాధికి పెళ్ళి వైద్యం కాదు. అలా చేస్తే వేరొకరి ఆడపిల్ల కూడా ఆ గదిలో ఒంటరిదవుతుంది. ముందు వైద్యం, తర్వాత సంబంధం.

యువకులారా, మీకు ఒక్క మాట. నిద్ర వేళకు ఫోనును వేరే గదిలో పెట్టండి. వారంలో రెండు సాయంత్రాలు ఆటస్థలానికో, పాటల బృందానికో, సేవా కార్యక్రమానికో వెళ్ళండి. అమ్మాయి కోసం కాదు, మనుష్యుల కోసం వెళ్ళండి. మాట్లాడడం అలవాటు తప్పితే పోతుంది, చేసుకొంటే వస్తుంది. ఎదుటివారు వద్దంటే వద్దనే అర్థం. ఆ మాట విని మర్యాదగా వెనుకకు వచ్చినవాడు ఓడిపోయినవాడు కాదు. ఇంకా ఏదైనా సందేహం ఉంటే సిగ్గుపడకుండా మీ దగ్గరలోని ఆసుపత్రిలో డాక్టరును గాని, నర్సును గాని అడగండి. ఇటువంటి మాటలు వినడం మా వృత్తిలో భాగమే. మీరు చెప్పింది మా దగ్గరే ఉంటుంది.