బురదనేలపై పరుగుపందెము: సన్నాహము ఎట్లు?

హైదరాబాదు నగరమున గోల్నాక, తార్నాక అను రెండు పేటల పేర్లలోను 'నాకా' అను మాట ఉన్నది. దారిని పోవువారిని నిలిపి పరీక్షించు చోటునకు నాకా యని పేరు. గోల్నాక నుండి అంబర్‌పేట మీదుగా తార్నాక వైపు పోయినచో, దారిలో ఉస్మానియా విశ్వవిద్యాలయపు విశాలమైన ఆవరణము కనిపించును. వర్షాకాలమున ఆ ఆవరణపు కాలిబాటలపై పరుగెత్తువారిని నిలిపి పరీక్షించు నాకా మరియొకటి కలదు. అదియే బురద. క్రాస్ కంట్రీ పరుగుపందెమునకు సిద్ధపడు విద్యార్థినీ విద్యార్థులు ఆ పరీక్షను ఎట్లు నెగ్గవలెనో ఈ ప్రసంగమున మనవి చేయుదుము.

క్రాస్ కంట్రీ యనగా చదునైన బాటను విడిచి, గడ్డి, మట్టి, ఎత్తుపల్లములు, నీటిగుంటలు గల నేలపై సాగు పరుగు. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులోని పాఠశాలల విద్యార్థులు 'కుందేలు, వేటకుక్కలు' అను ఆట ఆడెడివారు. కుందేలు వేషము వహించినవాడు కాగితపు ముక్కలు వెదజల్లుచు పొలములకు అడ్డముపడి పారిపోవును. తక్కినవారు ఆ జాడ పట్టుకొని తరుముదురు. ఆ ఆటయే క్రమముగా నియమములు గల పందెమైనది. 1973లో ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీలు బెల్జియములో ఆరంభమైనవి. 2019లో డెన్మార్కు దేశపు ఆర్హూస్ నగరమున జరిగిన పోటీలో, పరుగుదారులు ఒక మ్యూజియపు ఏటవాలు కప్పుపైకి ఎక్కి దిగవలసి వచ్చెను. బురదను, నీటిగుంటను కూడ దాటవలసి వచ్చెను. 2017 నుండి ఆ పోటీలలో పెద్దల విభాగమున స్త్రీలకును పురుషులకును దూరము సమానమే. కనుక ఆడపిల్లలకు ఇంత దూరమేల, ఇంత బురదయేల అని పెద్దలు సందేహింప పనిలేదు.

అయితే ఈ పందెము వేడుక మాత్రమే కాదు. ఒలింపిక్ క్రీడలలో ఇది 1912, 1920, 1924 సంవత్సరములలో మాత్రమే జరిగెను. 1924లో పారిస్ నగరమున తీవ్రమైన ఎండలో 38 మంది బయలుదేరగా, గమ్యము చేరినవారు 15 మంది మాత్రమే. పలువురు దారిలో సొమ్మసిల్లి పడిపోయిరి. ఫిన్లండు దేశీయుడు పావో నుర్మీ ప్రథముడుగా వచ్చెను. అటు పిమ్మట ఒలింపిక్ క్రీడలలో ఈ పరుగు లేకుండపోయెను. పడిపోయినవారు బలహీనులు కారు. తమ తమ దేశములలో ఎన్నికైన వీరులు. నాటి నేలకును వాతావరణమునకును తగినట్లు వేగమును తగ్గించుకొనలేకపోవుటయే పలువురిని పడవేసినదని మేము తలచుచున్నాము. ఈ పరుగునకు సన్నాహము కాలిబలముతో గాక, నేలను ఎరుగుటతో మొదలు కావలెనని మా మనవి.

మొదట మన నేలను చూతము. హైదరాబాదు నిలిచియున్న గ్రానైటు రాయి సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిది. ఆ రాయి చివికి ఏర్పడిన గరుకైన ఎర్రమట్టిని మనవారు మొరము అందురు. మొరములో వాననీరు త్వరగా ఇంకిపోవును. జారుడు కొంతయే గాని, పాదము దిగబడదు. పల్లములలో సన్నని బంకమట్టి చేరును. అది తడిసినచో బూట్లకు ముద్దలుగా అంటుకొని, ఒక్కొక్క అడుగును బరువు చేయును. నల్లరేగడి సంగతి చెప్పనక్కరలేదు. అది నీటిని పీల్చి ఉబ్బును, పాదమును పట్టి విడువదు. ఇక నున్నని బండపై పాచి పట్టినచో దానికంటె ప్రమాదము వేరొకటి లేదు. ఏది ఏ మట్టియో తెలియుటకు సులభమైన పరీక్ష యొకటి ఉన్నది. తడిమట్టిని గుప్పెడు తీసికొని అరచేతుల నడుమ పేనవలెను. త్రాడువలె సాగినచో బంకమట్టి. పొడిపొడిగా విడిపోయినచో మొరము. పందెపు దారిని ముందుగా నడిచి, ఎచ్చట ఏ మట్టి ఉన్నదో గురుతుపెట్టుకొన్నవాడు సగము సిద్ధమైనట్లే.

రెండవది, గడియారమును నమ్మరాదు. తారురోడ్డుపై కిలోమీటరును 5 నిమిషములలో పరుగెత్తువాడు బంకమట్టిలో అదే వేగమును నిలుపుకొన జూచినచో, కొద్ది దూరములోనే అలసిపోవును. నేల జారినప్పుడు, పాదము దిగబడినప్పుడు, మనము వేసిన బలములో కొంత భాగము మట్టికే పోవును. కావున వేగమును గాక శ్వాసను కొలతగా పెట్టుకొనవలెను. అభ్యాసపు దినములలో అధికభాగము, ప్రక్కవానితో చిన్న చిన్న వాక్యములు మాటలాడగలిగినంత నెమ్మదిగా పరుగెత్తుట మేలు.

మూడవది అభ్యాసక్రమము. అరగంటసేపు ఆగక పరుగెత్తగలవారికి 10 వారములు చాలును. మొదటి 4 వారములు వారమునకు 4 దినములు గడ్డిమీదను, మొరముమీదను 30 మొదలు 40 నిమిషముల పరుగు. తరువాతి 4 వారములలో ఒక దినము చిన్న ఏటవాలును ఎక్కు పరుగు, ఒక్కొక్కటి నిమిషము చొప్పున 6 మార్లు. మరియొక దినము తడినేలపై పరుగు, మొదట 15 నిమిషములతో ఆరంభించి క్రమముగా 40 నిమిషముల వరకు. చివరి 2 వారములలో అభ్యాసమును సగమునకు తగ్గించి శరీరమునకు విశ్రాంతి నొసగవలెను. బురదలో మొదట చెడునవి చీలమండలు. అందుచే ప్రతిదినము ఒంటికాలిపై నిమిషము నిలుచుట, మెట్టు అంచున నిలిచి మడమలను 15 మార్లు ఎత్తిదించుట, 20 బస్కీలు తీయుట అలవాటు చేసికొనవలెను. వీనికి ఖర్చు లేదు, వసతిగృహపు వరండాయే చాలును.

నాల్గవది అడుగు వేయు తీరు. ఈ విద్యను మనకు పుస్తకములు నేర్పనక్కరలేదు. దమ్ము చేసిన మడిలో వరినాట్లు వేయు స్త్రీలను చూడుడు. వారు పాదమును ముందుకు ఈడ్వరు. మడమను మొదట లేపి, పాదమును నిట్టనిలువుగా తీసి, చిన్న అడుగు వేయుదురు. పరుగుదారునకును ఇదే సూత్రము. అడుగు పొట్టిగా ఉండవలెను, పాదము నడుము క్రిందనే పడవలెను. చేతులను కొంచెము ఎడముగా ఉంచినచో తూకము నిలుచును. చూపు పాదములపై గాక మూడు నాలుగు అడుగుల ముందున ఉండవలెను. దిగుడులో వెనుకకు వాలినచో కాళ్లు ముందుకు జారిపోవును. కొద్దిగా ముందుకు వంగి, అడుగులు మరింత చిన్నవి చేయవలెను. మరీ లోతైన బురదలో నడచుట సిగ్గుపడవలసిన పని కాదు. అచ్చట పరుగెత్తువానికంటె వడిగా నడచువాడే తక్కువ అలసటతో బయటపడును.

బూట్ల విషయము. నున్నని అడుగు గల కాన్వాసు బూట్లు బురదకు పనికిరావు. అడుగున రబ్బరు బొడిపెలు ఎడమెడముగా ఉన్నవి మేలు. దగ్గరగా ఉన్నచో మట్టి ఇరుకుకొని నునుపగును. ఖరీదైనవే కానక్కరలేదు. అయితే పందెమునాడు క్రొత్తవి తొడుగరాదు. లేసులను రెండు ముడులు వేసి కొసలు లోనికి దోపవలెను. బురద బూటును ఊడలాగుట తరచు జరుగు పని. మందపాటి నూలు మేజోళ్లు నీటిని పీల్చి బొబ్బలు తెచ్చును, పలుచని నైలాను మేజోళ్లు నయము. తడిసిన బూట్లలో పాత వార్తాపత్రికలు కూరి నీడలో ఆరబెట్టవలెను.

ఇంతకంటె ముఖ్యమైనది ఆరోగ్యము. మూసీ నదిలో నగరపు మురుగునీరు కలియుచున్నది. కావున గోల్నాక వైపు వసించు యువకులు వానలలో నది ఒడ్డున గాక, విశ్వవిద్యాలయపు ఎత్తునేలపై అభ్యాసము చేయుట క్షేమము. ఎలుకల మూత్రము కలిసిన నీరు గాయములకు తగిలినచో లెప్టోస్పైరోసిస్ అను జ్వరము రావచ్చును. అది సామాన్యముగా 5 మొదలు 14 దినములలో బయటపడును. ఒక్కొక్కప్పుడు నెల వరకు ఆలస్యము కావచ్చును. అందుచే కాలిపై పుండు ఉన్నవారు బురదలో దిగరాదు. పరుగు తరువాత జ్వరము, పిక్కలలో నొప్పి, కండ్ల ఎరుపు కలిగినచో వైద్యుని చూచి, 'నేను బురదనీటిలో పరుగెత్తితిని' అని తప్పక చెప్పవలెను. ఆ ఒక్క మాట చికిత్సను త్వరపెట్టును. ధనుర్వాతపు టీకా గడువు దాటినదేమో ముందే చూచుకొనవలెను. పరుగు ముగిసిన వెంటనే కాళ్లను సబ్బుతో కడిగి, వ్రేళ్ల సందులను ఆరబెట్టవలెను. చీకటి వదలకముందు ఎత్తైన గడ్డిలో అడుగు పెట్టరాదు. వానలలో పాములు మెట్టకు చేరును. ఉరుము వినబడినచో పరుగు ఆపి భవనములోనికి పోవలెను, చివరి ఉరుము వినబడిన తరువాత 30 నిమిషములు ఆగవలెను. చెట్టుక్రింద నిలుచుట అన్నిటికంటె చెరుపు.

ఆహారమున వింతలు అక్కరలేదు. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో మొలకెత్తిన ఆ సంస్థ 1958లో హైదరాబాదు చేరెను. ధాన్యమును పప్పుతో కలిపి తినుట ఉత్తమమన్నది పోషకాహార శాస్త్రము చెప్పు మాట. అది మన పప్పన్నమే. పందెమునకు మూడు గంటల ముందు ఇడ్లీలు చాలును. ముగిసిన తరువాత ఉప్పు వేసిన మజ్జిగ, పిదప భోజనము. చెమట అధికముగా పోసినప్పుడు వట్టి నీరే అదే పనిగా త్రాగుట మంచిది కాదు.

పందెమునాడు ప్రారంభమున అందరును ఒక్కుమ్మడిగా ఉరుకుదురు. మొదటి కిలోమీటరులో వెనుకబడినను కలత చెందరాదు. పడిపోయినచో వెంటనే ప్రక్కకు దొర్లి లేవవలెను, వెనుక వచ్చువారు త్రొక్కకుండ. తోటివాడు లేవలేకున్నచో ఆగి చేయి అందించుట పందెపు నియమములకు పైనున్న ధర్మము.

నిర్వాహకులకును ఒక మనవి. దారిని ముందునాడు స్వయముగా నడిచి చూడవలెను. గాజుపెంకులు, తీగలు, మూతలేని మురుగుగుంటలు ఉన్నచో దారి మార్చవలెను. వైద్యుడును, త్రాగునీరును, కడుగుకొనుటకు శుభ్రమైన నీరును లేనిదే పందెమును ఆరంభింపరాదు. మొదటి వాన కురియక మునుపే ఈ ఏర్పాట్లు ఆలోచించినచో, బయలుదేరిన పిల్లలందరును గమ్యము చేరి, మరునాడు క్షేమముగా తరగతికి పోగలరు.