ఉద్యోగానికి వెళ్తున్నారా? మీరూ అడగండి!

"అక్కా, ఉద్యోగం వచ్చేసింది!" అంటూ మా వీధి చివరింటి అమ్మాయి మొన్నామధ్య స్వీటు పట్టుకొచ్చింది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి, పిల్లాడు రెండో తరగతికొచ్చాక దొరికిన ఉద్యోగం. సంతోషమే కదా!

"జీతమెంతమ్మా?" అన్నాను.

"చేరాక చెబుతామన్నారు."

"సాయంత్రం ఎన్నింటికి వదులుతారు?"

"అడగలేదక్కా. బాగోదేమోనని..."

"పోనీ, అపాయింట్‌మెంట్ ఆర్డరు ఇచ్చారా?"

"అదేం లేదుగానీ, నా సర్టిఫికెట్లు ఒరిజినల్స్ తీసుకున్నారు. మూడేళ్ళు మానకుండా చెయ్యాలిట."

నోట్లో పెట్టుకున్న స్వీటు మింగుడుపడలేదు నాకు. ఎందుకంటే సరిగ్గా ఇదే పొరపాటు నేనూ చేశాను. డిగ్రీ పూర్తయిన కొత్తల్లో ఓ ప్రైవేటు ఆఫీసులో చేరుతూ, అడగ్గానే ఒరిజినల్స్ ఇచ్చేశాను. ఆర్నెల్ల తర్వాత బీఈడీ కౌన్సెలింగుకి కావాలంటే, "మూడు నెలల జీతం కట్టి తీసుకెళ్ళ"మన్నారు. నాన్న వాళ్ళ చుట్టూ తిరిగి, బతిమాలి, చివరికి డబ్బు కట్టి తెచ్చేసరికి కౌన్సెలింగు తేదీ దాటిపోయింది. సీటు పోయింది.

నాలుగు వంకాయలు కొనాలన్నా పుచ్చులున్నాయేమోనని తిప్పి తిప్పి చూస్తాం. చీర కొంటే రంగు పోతుందా అని పదిసార్లు అడుగుతాం. అదేమిటో, ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి మనకి నోరు పెగలదు. 'ఇస్తే చాలు' అనుకుంటాం. చాలా పొరపాట్లు మొదలయ్యేది అక్కడే.

'ఏదైనా ఉంటే చూడండి' అనొద్దు

పెళ్ళిలోనో పేరంటంలోనో కనిపించిన వాళ్ళకల్లా "ఏదైనా ఉద్యోగం ఉంటే చూడండి" అని చెప్తాం. సరేనంటారు, గుమ్మం దాటగానే మర్చిపోతారు. వాళ్ళ తప్పు కాదు. ఏం చూడాలో మనం చెప్పందే! "బీకాం చదివాను, ట్యాలీ వచ్చు, పది నుంచి నాలుగింటి దాకా చేయగలను" అని చెప్పి చూడండి. ఎక్కడైనా అకౌంట్స్ మనిషి కావాలంటే మీ పేరు గుర్తొస్తుంది.

బయోడేటాలో పిల్లల కోసం ఇంట్లో ఉన్న ఏళ్ళని దాచొద్దు. ఆ ఏళ్ళలో ట్యూషన్లు చెప్పి ఉంటే, పొదుపు సంఘం లెక్కలు రాసి ఉంటే అదే రాయండి. రానిది వచ్చని మాత్రం రాయకండి. కంప్యూటరు ముందు కూర్చోబెడితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇంటిపేరు తెచ్చే తంటా

పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, బ్యాంకు పుస్తకంలో ఉత్త అక్షరం. మనలో చాలామంది సంగతి ఇదే. ఉద్యోగం వచ్చేదాకా ఇది గుర్తుకురాదు. తీరా వచ్చాక పీఎఫ్ ఖాతా దగ్గర చిక్కు మొదలవుతుంది. పేర్లు కలవకపోతే రేపు ఆ డబ్బు తీసుకోవడానికి తిప్పలు తప్పవు. అందుకే దరఖాస్తులు పెట్టకముందే అన్నీ ఓసారి బల్లమీద పరిచి చూసుకోండి. ఆధార్‌లో పేరు రెండుసార్లకి మించి మార్చనివ్వరు. కాబట్టి ఏ పేరు ఉంచుకోవాలో ముందే తేల్చుకుని వెళ్ళండి.

డబ్బు కట్టమంటే ఆగండి

జీతం ఇవ్వాల్సిన వాళ్ళు మననే ఎదురు డబ్బు అడిగితే అనుమానించాల్సిందే. రిజిస్ట్రేషన్, ట్రైనింగ్, యూనిఫారం అంటూ ఏ పేరు చెప్పినా సరే. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో గానీ, కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో గానీ పేరు నమోదుకి రూపాయి కట్టనవసరం లేదు.

'ఇంట్లో కూర్చుని సంపాదించండి' అని ఫోనుకొచ్చే మెసేజీలు గృహిణుల కోసమే వల వేసినట్టుంటాయి. కొందరు వీడియోలకి లైకులు కొట్టమని, మొదట్లో నూటయాభయ్యో రెండొందలో నిజంగానే వేస్తారు. నమ్మకం కుదిరాక, ఎక్కువ లాభం వస్తుందని మన చేతే డబ్బు కట్టిస్తారు. ఇంకొందరు ఫారాలు టైపు చేయమని ఇచ్చి, తప్పులున్నాయంటూ లాయరు నోటీసు పేరుతో బెదిరించి డబ్బు గుంజుతారు. ఇంట్లో తెలిస్తే పరువు పోతుందని గుట్టుగా కట్టేస్తుంటారు ఆడవాళ్ళు. ఆ పని చేయొద్దు. మోసపోయామని తెలిసిన వెంటనే 1930 నంబరుకి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బుని బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువ.

చూపించండి, ఇచ్చి రాకండి

ఒరిజినల్స్ పరిశీలించి వెంటనే వెనక్కివ్వడం పద్ధతి. దగ్గర ఉంచుకోవడం కాదు. మీ ఎదురుగానే చూసుకోమని, సంతకం పెట్టిన జిరాక్సులు ఇచ్చి రండి. జిరాక్సు మీద ఏ ఉద్యోగం కోసం ఇస్తున్నారో, తేదీతో సహా రాయడం మరవకండి. తెల్ల కాగితం మీద గానీ, ఖాళీ చెక్కు మీద గానీ సంతకం అస్సలు వద్దు.

ఇవి అడిగి తీరాలి

ఇంటర్వ్యూ అయ్యాక "మీరేమైనా అడుగుతారా?" అంటే తల అడ్డంగా ఊపి వచ్చేయకండి. చేతికి వచ్చే జీతమెంత? ఏ తారీఖున ఇస్తారు? పని వేళలేమిటి, సెలవులెన్ని? మానేయాలంటే ఎన్నాళ్ళ ముందు చెప్పాలి? ఇవి అడగడం పొగరు కాదు. ఉద్యోగంలో చేర్చుకున్నట్టు రాతపూర్వకంగా ఇవ్వాలని 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన కార్మిక కోడ్లలోనే ఉంది.

20 మంది, అంతకుమించి పనిచేసే చోటైతే పీఎఫ్ గురించి అడగండి. మన వాటా సాధారణంగా 12 శాతం కోస్తారు, యజమాని కూడా అంతే వేయాలి. 12 అంకెల యూఏఎన్ నంబరు తీసుకుని, డబ్బు జమవుతోందో లేదో అప్పుడప్పుడూ చూసుకోవాలి. పది మంది, అంతకుమించి ఉన్న ఆఫీసులో లైంగిక వేధింపుల మీద ఫిర్యాదులు తీసుకునే కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం చెబుతోంది. అది ఉందా అని అడగడానికి సిగ్గెందుకు?

"పిల్లల్ని ఎవరు చూసుకుంటారు?" అని మననీ అడుగుతారు. మగవాళ్ళని అడగని ప్రశ్న అది. ఒళ్ళు మండినా, ఏడుపొచ్చినా తమాయించుకుని "ఏర్పాటు చేసుకున్నాకే వచ్చానండీ" అంటే సరిపోతుంది. ఆ ఏర్పాటేదో ముందే నిజంగా చేసుకోవాలనుకోండి!

వయసైపోయిందని వదిలేయకండి

భర్తను పోగొట్టుకున్నవారికి, విడాకులు తీసుకున్నవారికి, కోర్టు ద్వారా విడిగా ఉంటున్నవారికి, మళ్ళీ పెళ్ళి చేసుకోకపోతే, కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల్లో 35 ఏళ్ళ దాకా, ఎస్సీ, ఎస్టీలైతే 40 దాకా వయసు సడలింపు ఉంది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలకి ఆడవాళ్ళు ఫీజు కట్టక్కర్లేదు. నోటిఫికేషన్ చివరిదాకా చదవకుండా 'మనకి కాదులే' అని పేపరు మడిచేయకండి.

ఇంతకీ ఆ అమ్మాయి సంగతి చెప్పలేదు కదూ! మర్నాడు వాళ్ళాయన్ని తోడు తీసుకుని వెళ్ళి, "జీతం కాగితం మీద రాసిచ్చి, నా సర్టిఫికెట్లు ఇవ్వండి. జిరాక్సులు తెచ్చాను" అందిట. వాళ్ళు గొణుక్కుంటూ సర్టిఫికెట్లు ఇచ్చి, "రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నారట. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అనవసరంగా అడిగానేమో అక్కా" అంది.

నాకు నాన్న మొహం గుర్తొచ్చింది. "ఫైలు నీ చేతిలోనే ఉందిగా తల్లీ, ఇంకో చోట అడుగుదాం" అన్నాను.

వచ్చే సోమవారం ఇంకో ఇంటర్వ్యూకి వెళ్తోంది. ఏమేం అడగాలో ఓ చీటీ మీద రాసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. మొదటి ప్రశ్న జీతం గురించే.