చెన్నపట్నంలో పాటల పండుగ

పిల్లలూ, ధనుర్మాసం వచ్చిందంటే మన ఊళ్ళలో ముంగిళ్ళనిండా ముగ్గులు, గొబ్బెమ్మలు, వీధుల్లో హరిదాసుల పాటలు. సరిగ్గా ఆ రోజుల్లోనే చెన్నపట్నంలో మరొక పండుగ జరుగుతుంది. అది పాటల పండుగ. డిసెంబరు నడుమ నుంచి జనవరిదాకా ఆ మహానగరంలో ఏ పేటకు పోయినా కచేరీలే! ఎన్నో ఏళ్ళు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి, ఉద్యోగం విరమించాక నేను ఆ పండుగ చూడబోయాను. అక్కడ నాకే ఒకరు పాఠం చెప్పారు. ఆ సంగతి చివర చెబుతాను.

ముందు ఈ పండుగ ఎలా పుట్టిందో వినండి. 1927 డిసెంబరులో మదరాసులో కాంగ్రెసు మహాసభ జరిగింది. దానితోపాటే ఒక సంగీత మహాసభ కూడా జరిపారు. దాని ఫలితంగా 1928లో మ్యూజిక్ అకాడమీ వెలిసింది. కచేరీలు ఏర్పాటు చేసే సంఘాన్ని అక్కడ ‘సభ’ అంటారు. తిరువళ్ళిక్కేణి, మైలాపూరు, ఆళ్వారుపేట, త్యాగరాయనగరం - ఎటు చూసినా సభలే. 2017లో యునెస్కో సంస్థ చెన్నైని సంగీత నగరాల జాబితాలో చేర్చింది.

తెల్లవారకముందే మైలాపూరు మాడవీధుల్లో భజనలు వినిపిస్తాయి. ఆ తరువాత అకాడమీలో పండితులు ప్రసంగిస్తారు. రాగాల గుట్టుమట్లు పాడి చూపిస్తారు. మధ్యాహ్నం చిన్నవాళ్ళ కచేరీలు. వీటిలో చాలావాటికి టిక్కెట్టు ఉండదు. సాయంత్రం పేరుపొందిన విద్వాంసులు పాడతారు. నడుమ ఆకలి వేస్తే సభ ఆవరణలోనే వేడి పొంగలి, దోసె, కాఫీ దొరుకుతాయి. పాటకంటె ముందు పొంగలికోసం వచ్చేవాళ్ళూ లేకపోలేదు!

నేను ఒక మధ్యాహ్నం కచేరీకి ముందుగా వెళ్ళి మొదటి వరసలో కూర్చున్నాను. మృదంగం వాయించే కుర్రవాడు గిన్నెలోని తడిపిన బొంబాయి రవ్వ ముద్దను తీసి, మృదంగం ఎడమవైపు చర్మంమీద అద్దుతున్నాడు. ఎందుకో తెలుసా? చర్మంమీద బరువు పెరిగితే అది నెమ్మదిగా కదులుతుంది. నెమ్మదిగా కదిలితే గంభీరమైన ధ్వని పుడుతుంది. కచేరీ అయ్యాక ఆ ముద్దను గోకి తీసేస్తారు. కుడివైపున ఉండే నల్లని బిళ్ళ మాత్రం ఎప్పుడూ అలాగే ఉంటుంది. ఒక రకం ఇనుపరాతి పొడిని అన్నపు ముద్దతో కలిపి, పొరలు పొరలుగా రుద్ది దాన్ని తయారు చేస్తారు. మామూలు డప్పును కొడితే పుట్టే నాదాలు ఒకదానితో ఒకటి పొసగవు. మృదంగం నాదాలు ఈ బిళ్ళవల్ల తీగెమీది నాదాలలాగే పొందికగా ఉంటాయి. ఈ విషయాన్ని సి.వి. రామన్ పరిశోధించి 1920లో ప్రకటించారు. ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది ఆ తరువాత పదేళ్ళకు.

చిన్నవాళ్ళని తేలికగా చూడకండి. పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాస్ మాండలిన్ చేతబట్టి 1978లో గుడివాడలో మొదటి కచేరీ చేశాడు. అప్పటికి అతనికి తొమ్మిదేళ్ళు. మాండలిన్ పాశ్చాత్యుల వాద్యం. దానిమీద మన గమకాలు పలకవని చాలామంది అనుకునేవారు. అతను జంటతీగెలు తీసివేసి, అయిదు ఒంటితీగెలు కట్టి, విద్యుత్తు సాయంతో నాదం నిలిచేటట్టు చేసుకున్నాడు. చెన్నపట్నపు రసికులు ఆ బాలుణ్ణి నెత్తిన పెట్టుకున్నారు. 2014లో చనిపోయేనాటికి అతని పేరు దేశదేశాల్లో తెలుసు.

ఇక నాకు దొరికిన పాఠం చెబుతాను. ఆ రోజు పాడిన అమ్మాయి త్యాగరాజస్వామి ‘నగుమోము’ కీర్తన ఎత్తుకున్నది. నా పక్కన తమిళ ముత్తైదువ ఒకావిడ తొడమీద తాళం వేస్తూ వింటున్నది. ఆమె ఒడిలో ఒక పాత నోటుపుస్తకం ఉన్నది. అందులో తెలుగు పాటలన్నీ తమిళ అక్షరాలలో రాసుకున్నది. పాట ముగిశాక నావైపు తిరిగి, వచ్చీరాని తెలుగులో, “సార్, మీరు తెలుగువారా? నగుమోము అంటే ఏమిటండీ?” అని అడిగింది.

“నవ్వుముఖం అమ్మా,” అన్నాను గర్వంగా.

ఆవిడ సంతోషించి పుస్తకంలో రాసుకున్నది. తరువాత వేలితో మరొక చరణం చూపి, “దీనికి?” అన్నది. నేను నోరు తెరిచాను, మాట రాలేదు. పాట చిన్ననాటినుంచీ విన్నదే. కాని ఆ చరణానికి అర్థం ఏనాడూ ఆలోచించలేదు.

“తెలియదమ్మా, రేపు కనుక్కుని చెబుతాను,” అన్నాను తలవంచుకుని.

“తెలుగువారికే తెలియదా!” అని ఆవిడ ఆశ్చర్యపోయింది. వెక్కిరించలేదు, అందుకే నాకు మరింత సిగ్గు వేసింది. త్యాగరాజస్వామి (1767-1847) కావేరి ఒడ్డున తిరువయ్యారులో ఉండి, ఎక్కువగా తెలుగులోనే కీర్తనలు రచించారు. ఆ తెలుగును పరభాషవాళ్ళు పుస్తకాల్లో రాసుకుని దాచుకుంటున్నారు. పాఠాలు చెప్పిన నేను అర్థం చెప్పలేకపోయాను. ఆ రాత్రి పుస్తకం కొని చదివాను. మర్నాడు అదే సభలో ఆవిడ కనిపిస్తే అర్థం చెప్పి, రుణం తీర్చుకున్నాను.

మీరు ఇంటి దగ్గరే మొదలుపెట్టండి. ఆ కీర్తన ఆదితాళంలో ఉంటుంది. అరచేత్తో తొడమీద ఒక దెబ్బ వేయండి. తరువాత చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు లెక్కపెట్టండి. మళ్ళీ ఒక దెబ్బ, చెయ్యి వెల్లకిల; ఇంకొక దెబ్బ, చెయ్యి వెల్లకిల. మొత్తం ఎనిమిది. పాట వింటూ ఈ లెక్క తప్పకుండా వేయగలిగితే మీరూ కచేరీలో ఒకరైనట్టే. పాట అయ్యాక తెలియని మాటలు రాసుకుని మీ తాతయ్యనో, తెలుగు మాస్టారినో అడగండి. వాళ్ళకూ తెలియకపోతే నవ్వకండి. అందరూ కలిసి నిఘంటువు తెరవండి.