దీపపు ఎర పొద్దుగూకినా వెలగట్లేదా?

దర్శి చుట్టుపక్కల పత్తి, మిరప చేలల్లో సోలారు దీపపు ఎర పెట్టుకున్న రైతులు ఒక సంగతి గమనించాలి. శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగుల తల్లి రెక్కల పురుగులు తిరిగేది చీకటి పడ్డాకే. ఆ వేళకు దీపం వెలగకపోతే అవి ఆకుల మీద గుడ్లు పెట్టి పోతాయి. ఆ తర్వాత ఖర్చంతా పురుగు మందు మీదే. అలాగని పెట్టె పారేయకండి. ముందు దాని ‘కన్ను’ చూడండి.

చీకటిని కనిపెట్టే కన్ను రెండు రకాలు. కొన్నింటిలో ఎల్.డి.ఆర్. అనే చిన్న బిళ్ల ఉంటుంది, దాని మీద మెలికల గీత కనిపిస్తుంది. వెలుతురు పడితే అందులో కరెంటు తేలిగ్గా పారుతుంది, చీకట్లో అడ్డం పెరుగుతుంది. ఆ తేడా చూసే లోపలి ట్రాన్సిస్టరు దీపం వెలిగిస్తుంది. మరికొన్నింటిలో సోలారు పలకే కన్ను.

మిట్టమధ్యాహ్నం ఆ బిళ్లను గానీ, పలకను గానీ మందపాటి గోనెపట్టాతో పూర్తిగా కప్పి అయిదు నిమిషాలు ఆగండి. దీపం వెలిగితే కన్ను బాగున్నట్లే. అప్పుడు రాత్రిపూట ఇంటి దీపమో, వీధి దీపమో దానిమీద పడుతోందేమో చూసుకోండి. కప్పినా వెలగకపోతే బ్యాటరీ చూడాలి. 12 వోల్టుల బ్యాటరీ 11.5 కన్నా దిగిందంటే చార్జి అయిపోయినట్లే. పలక మీద దుమ్ము తుడిచి, తీగల కొనల చిలుము గీకి, రెండు రోజులు ఎండ తగలనివ్వండి. బ్యాటరీ బాగుండీ వెలగకపోతే పెట్టెలోకి వాన నీరు దిగి బిళ్ల కాళ్లు రెండూ కలిసిపోయాయేమో చూడండి.

కొందరికి సందెవేళ దీపం టపటపా కొట్టుకుంటుంది. బల్బు పోయిందనుకుంటారు గానీ చాలాసార్లు తప్పు బల్బుది కాదు. దీపం వెలగగానే దాని వెలుతురే బిళ్ల మీద పడుతుంది, తెల్లారిందనుకుని ఆరుతుంది. ఆరగానే చీకటి, మళ్లీ వెలుగుతుంది. బిళ్లకు రెండంగుళాల నల్ల గొట్టం ముక్క తొడిగి, దీపానికి వీపు పెట్టి ఉత్తరం ఆకాశం వైపు తిప్పండి. ఖర్చు లేని పని.

పట్టపగలే వెలుగుతుంటే అది ఇంకా నష్టం, రాత్రికి బ్యాటరీలో ఏమీ మిగలదు. మందు కొట్టినప్పుడు తెల్లటి పూత బిళ్ల మీద పేరుకున్నా, ఎలుక తీగ కొరికినా పెట్టెకు అది చీకటిలాగే ఉంటుంది. తడి గుడ్డతో తుడవండి, తీగ అతికించండి. పనికి ముందు బ్యాటరీ తీగ ఊడదీయడం మరవద్దు. ఇంటి కరెంటుతో నడిచే ఎర అయితే మాత్రం మీరు విప్పకండి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

రాత్రి 10 దాటాక దీపం ఆర్పితే మంచిది, తెల్లవార్లూ ఉంచితే మిత్ర పురుగులూ పడి చస్తాయి. ఇక మిరపలో తామర పురుగుకు ఈ ఎర పనికిరాదు, దానికి నీలం రంగు జిగురు అట్టలే పెట్టుకోవాలి.